చివరి ఎనిమిది పేజీలు

అది వరద నీళ్ళు సినిమా హాలు టికెట్ల కిటికీ దాకా వచ్చిన సంవత్సరం.

నీళ్ళు తీశాక ఊళ్ళో బైండరుకి ఊపిరి సలపలేదు. ఆఫీసుల వాళ్ళు, బడి వాళ్ళు తడిసిన పుస్తకాలు మూటలు కట్టి తెచ్చి అతని గుమ్మంలో పడేశారు. షాపులో తాళ్ళు కట్టి, బట్టలారేసినట్టు కాగితాలు ఆరేశాడు.

పనిలో పడి ఇంటి సంగతి మరిచిపోవచ్చనుకున్నాడు. బావమరిది మరవనివ్వలేదు.

"అక్క నా ఇంట్లోనే ఉంది బావా. తప్పు చేసింది, కాదనను. ఒక్కసారి వచ్చి పిలువు."

"పిలవను."

"ఈ ఆదివారం కాక పై ఆదివారం నేను బదిలీ మీద వెళ్ళిపోతున్నాను. నాతో తీసుకెళ్ళిపోతాను. తర్వాత నువ్వు అడిగినా పంపను."

"తీసుకెళ్ళు."

బైండరు పెళ్ళాం కిందటి ఎండాకాలం ఫొటో స్టూడియో వాడితో వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా వెనక్కొచ్చి తలుపు తట్టింది. బైండరు లోపలే కూర్చున్నాడు. తలుపు తీయలేదు.

ఆ వారమే ఒక పెద్దమనిషి ఒకే ఒక్క పుస్తకం తెచ్చాడు. మెడకు మఫ్లరు, మాటకు ముందు దగ్గు.

"బీరువా అడుగున ఉండిపోయింది. బాగవుతుందా?"

అట్ట ఊడిపోయింది. పేర్లున్న మొదటి పేజీ ముద్దయిపోయింది.

"అవుతుందండీ. విప్పి, ఆరేసి, మళ్ళీ కుట్టాలి. నవలా?"

"నవలే."

"బాగుంటుందా?"

"చదివినవాళ్ళు బాగాలేదన్నారు."

"మరి బైండింగు దండగ కదండీ."

"ఇంట్లో ఉన్నది ఇదొక్కటే" అని దగ్గి, వెళ్ళిపోయాడు.

పక్క షాపు టైలరు మిషను ఇంకా బాగవలేదు. పనిలేక వచ్చి స్టూలు మీద కూర్చుని, ఆరిన పేజీలు ఆరినట్టే పైకి చదవసాగాడు.

కథలో ఒక ఇల్లాలు పరాయివాడితో వెళ్ళిపోయింది. టైలరు ఆగి బైండరు మొహం చూశాడు.

"ఆపేయనా?"

"చదువు. ఆ మొగుడు ఏం చేస్తాడో చూద్దాం."

రెండు రోజులు చదివాడు. ఆమె తిరిగొచ్చింది. వానలో నిలబడి తలుపు తట్టింది. మొగుడు తలుపు తీశాడు. తువ్వాలు అందించి, 'తల తుడుచుకో' అన్నాడు. పేజీ అయిపోయింది.

"తర్వాత?" అన్నాడు బైండరు.

"తర్వాత లేదు."

"సరిగ్గా చూడు."

"నువ్వే చూడు. వాడు కత్తి తీసే పేజీ నీ నెత్తి మీదే ఆరుతుందేమో."

తాళ్ళన్నీ వెతికారు. లేదు.

ఇద్దరికీ ఉసూరుమంది. ఆఖరి మడతలో పదహారు పేజీలకి ఎనిమిదే ఉన్నాయి గనక, చివరి ఎనిమిది పేజీలు వరదలో పోయాయని బైండరు తేల్చేశాడు. పేజీలు పోయిన పుస్తకానికి అన్నే తెల్లకాగితాలు చేర్చి కుట్టడం అతని అలవాటు. మరో కాపీ దొరికితే చూసి రాసుకుంటారని.

శనివారం పెద్దమనిషి వచ్చాడు.

"అసలు ముక్క పోయిందండీ" అన్నాడు బైండరు. "తలుపు తీసిన తర్వాతది."

"తర్వాత ఏం ఉండాలంటారు?"

"అడగాలి. కొట్టాలి. గెంటెయ్యాలి. లేకపోతే ఆవిడైనా ఏ నూతిలోనో దూకాలి. ఏదో ఒకటి జరగాలి కదండీ."

"ఏమీ జరక్కపోతే?"

"అలాంటి దద్దమ్మ మొగుడు ఎక్కడైనా ఉంటాడా? ఉంటే వాడి మొహం కూడా చూడను."

టైలరు నవ్వాడు. "వీడి మాట పట్టించుకోకండి సార్. వీడు తలుపు మూయడంలో ఘనుడు. సొంత పెళ్ళాం తట్టినా తీయలేదు."

బైండరు సూది ఆపాడు. పెద్దమనిషి నవ్వలేదు. బైండరు వంక చూసి ఏదో అనబోయాడు. దగ్గు తెర వచ్చింది. అది తగ్గేసరికి చెప్పాలనుకున్నది మానుకున్నట్టున్నాడు.

"తెల్లకాగితాలు వేసే ఇవ్వండి" అన్నాడు.

పుస్తకం తయారైంది. పెద్దమనిషి మళ్ళీ రాలేదు. మరో శనివారం వచ్చింది. బావమరిది ఇంటిముందు సామాను లారీకి ఎక్కిస్తున్నారని టైలరు చెప్పాడు. బైండరు వినిపించుకోనట్టు జిగురు కలుపుకున్నాడు.

సాయంత్రం తల నెరిసిన ఒకావిడ వచ్చింది.

"మఫ్లరాయన ఒక నవల ఇచ్చారు. అయిందా?"

"ఎప్పుడో అయిందమ్మా. ఆయన రాలేదేం?"

"మంగళవారం పోయారు."

బైండరు లేచి నిలబడ్డాడు. పుస్తకం తుడిచి ఇచ్చాడు. ఆవిడ చివరికి తిప్పింది.

"ఈ తెల్లకాగితాలేమిటి?"

"చివరి పేజీలు వరదలో పోయాయి కదమ్మా. ఆయనే వేయమన్నారు."

"ఏమీ పోలేదు. కథ అంతే. అచ్చయినప్పుడు అందరూ మీలాగే తిట్టారు, చివర్లో ఏమీ జరగలేదని."

బైండరు కత్తి తీసుకుని తెల్లకాగితాలు కుట్టు దాకా కోసేశాడు. ఆవిడ చూస్తూ నిలబడింది.

"ఆ రోజు ఇంటికొచ్చి ఎంత నవ్వారో. బైండరు నన్ను దద్దమ్మన్నాడోయ్, అని."

"అయ్యో, ఆయన్ని కాదమ్మా. నేనన్నది పుస్తకంలో మొగుణ్ణి."

ఆవిడ పుస్తకం సంచిలో పెట్టుకుంది.

"రాసింది నేను. తలుపు తీసింది ఆయన."

మర్నాడు పొద్దున్నే, లారీ కదలక ముందు, బైండరు వెళ్ళి బావమరిది తలుపు తట్టాడు.