రాగి వాషరు

యామినికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. సముద్రం మీదకి వెళ్ళిన మొగుడు తిరిగి రాడేమోనని.

"ఇక్కడే పెట్టేన్రా! ఈ డబ్బా మూత మీదే పెట్టేను!" అని కొండయ్య ఇంజను పక్కన గొంతుక్కూర్చుని అరుస్తుంటే, ఆ భయం ఆమె చీర చెంగున చిన్న ముడిలా ఉంది.

బోటు అంతర్వేది రేవులో కట్టి ఉంది. వేట నిషేధానికి ఆ రోజే ఆఖరు. రెండు నెలలుగా దాన్ని పెళ్ళికూతురిలా ముస్తాబు చేశారు. అడుగున పట్టిన గుల్లలు గీకారు, నీళ్ళు కారకుండా చెక్కల సందుల్లో దూది కూరారు, తాళ్ళు మార్చారు, రంగు వేశారు. ఇక ఇంజను నాజిల్ శుభ్రం చేసి బిగిస్తే తెల్లారి బయల్దేరడమే. కొండయ్య దాన్ని విప్పాడు. మేనల్లుడు ప్రకాష్ గుడ్డతో తుడుస్తున్నాడు. అతని భార్య యామిని ఏడాది పిల్లని చంకనేసుకుని అన్నం కేరేజీ తెచ్చింది.

ఇందాక కింద దింపగానే పాప పాకి వెళ్ళి, నాజిల్ కింద వేసే రాగి వాషరుని డబ్బా మూత మీంచి తీసింది. నోట్లో పెట్టుకోబోతుంటే యామిని లాక్కుంది. తిరిగి మూత మీద పెడదామనే అనుకుంది. పెట్టలేదు.

"రాగిది గాలికి ఎగిరిపోద్దా మావయ్యా? సరిగ్గా చూడు," అన్నాడు ప్రకాష్.

"నా కళ్ళు బానే ఉన్నాయిరా. నీ కూతురే ఇందాకా ఇక్కడ పాకింది."

ఇద్దరూ ఒకేసారి పాప వైపు తిరిగారు.

"మింగేసిందా ఏంటి!" ప్రకాష్ గుడ్డ పారేసి లేచాడు. "యామినీ, నోరు తెరిపించు దానిది!"

"మింగలేదండీ."

"నువ్వు చూసేవా?"

"ఆయ్. చూసేను."

"మింగింది చూత్తారు గానీ, మింగనిది ఎలా చూత్తారే?"

"మింగితే ఏడ్చేది కదండీ. చూడండి, ఎలా నవ్వుతుందో."

పాప నవ్వుతూనే ఉంది. ప్రకాష్ ఆగలేక దాని నోట్లో వేలు పెట్టి తిప్పాడు. వేలికి అంటిన డీజిల్ చేదుకి పాప గుక్కపట్టింది.

"అదిగో, ఏడుత్తంది! మింగేసింది! మావయ్యా, బండి తాళం ఇలా పడెయ్. రాజోలు ఆసుపత్రికి పోతాం."

యామిని చెంగు పట్టుకుంది. ముడి విప్పితే ఈ గోల ఆగుతుంది. ఆగితే తెల్లారి బోటు కదులుతుంది.

"నీళ్ళలో పడిపోయిందండీ," అంది. "పాప విసిరేసింది. తిడతారని చెప్పలేదు."

కొండయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా! పిల్ల పొట్ట కోయించేలా ఉన్నాడు నీ మొగుడు."

ప్రకాష్ ఊపిరి పీల్చుకున్నాడు. వెంటనే ఇంకో దిగులు పట్టుకుంది. "ఇప్పుడు వాషరు ఎక్కడిది మావయ్యా? ఆదివారం. ఒక్క షాపూ ఉండదు."

"రేపు తెచ్చుకుందాం. ఎల్లుండి ఎల్దాం."

"సైకిల్ ట్యూబు ముక్క కోసి పెడితే?"

"అది పొయ్యి లాంటి చోటురా. రబ్బరు రెండు నిమిషాల్లో మాడి మసైపోద్ది."

"అందరూ రేపే మొగ దాటతారు. మొదటి రోజు వేట మావయ్యా!"

"అయితే ఈదుకుంటూ ఎల్లు."

యామిని పాపని గట్టిగా హత్తుకుంది. ఒక్క రోజు. మొగలో నదీ సముద్రమూ కొట్టుకునే చోట, బోట్లన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వెళ్ళే ఆ ఒక్క రోజు గడిస్తే చాలు. వాషరు ఎల్లుండికి ఎలాగూ కొత్తది వస్తుంది. ఎవరికీ నష్టం లేదు.

ఆ సాయంత్రం ఎవరూ అడగకుండానే గారెలు వేసింది.

"బోటు ఆగిపోయిందని గారెలా?" అన్నాడు ప్రకాష్ మొహం వేలాడేసుకుని.

"పాప మింగలేదు కదండీ. అందుకు."

పాపం, అతను నమ్మి ఆరు తిన్నాడు.

పొద్దున యామినికి మెలకువ వచ్చేసరికి ఎండెక్కింది. చాలా రోజుల తర్వాత అలా నిద్ర పట్టింది. ప్రకాష్ పక్క ఖాళీగా ఉంది. షాపు తెరిచే వేళకి రాజోలు వెళ్ళి ఉంటాడనుకుని, పాపని ఎత్తుకుని రేవుకి నడిచింది. రేవులో బోట్లు లేవు. వాళ్ళది ఒక్కటే కొత్త రంగుతో నిగనిగలాడుతూ, కొత్త తాడుకి కట్టుబడి, హాయిగా ఊగుతోంది. కొండయ్య దాని మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఆయన షాపుకెళ్ళేరా అండీ మావయ్యగారూ?"

"షాపుకి నేనెళ్తాలే. వాడెక్కడ ఆగుతాడమ్మా? ఊళ్ళో మగాళ్ళంతా పోతుంటే గట్టున కూచుంటాడా? సాలమోను బోటుకి మనిషి తక్కువైతే, తెల్లారకుండానే ఎక్కేసేడు."

యామిని పాపని ఇంకో చంకకి మార్చుకుంది. "ఆ బోటు కూడా... మన దానిలాగే బాగు చేసుకున్నారు కదండీ?"

"ఎక్కడా? సాలమోను రెండు నెలలూ మన బోటు పనికే వచ్చేడాయె. వాడి దాని మీద ఒక్క మేకు కొట్టడానికి తీరికేదీ?" అని కొండయ్య బీడీ నీళ్ళలోకి విసిరాడు.

మీరెవరైనా అంతర్వేది వైపు వెళ్తే కొంచెం సముద్రం మీదకి చూడండి. సాలమోను బోటుని పోల్చుకోవడం కష్టమేమీ కాదు, నలుగురు వల లాగుతుంటే ఒకడు మాత్రం ఆపకుండా బోటులోంచి నీళ్ళు తోడుతుంటాడు. ఆ ఒకడు ప్రకాషేనా, ఇంకా తోడుతూనే ఉన్నాడా, చూసి యామినికి ఒక్క మాట చెప్పండి.