లాగితే ఊడే ముడి

“మేకులు కొట్టమంటే మళ్లీ తాడేటి మావా?” కింద నిచ్చెన పట్టుకున్న నూకరత్నం మొగుణ్ణి కసిరింది.

పాత తెప్ప విప్పగా వచ్చిన దుంగలే ఆ ఒంటిగది ఇంటికి కప్పు. పైనున్న సూరయ్య దుంగల్ని ఒకదానికొకటి బిగించి కట్టాడు. కప్పును గుంజలకు కట్టేచోట మాత్రం లాగితే ఊడే ముడి వేస్తున్నాడు.

“నిరుడు ఇల్లు సముద్రం అట్టుకుపోనాది. ఇదైనా నిలబడాల గదా! గాలొస్తే ఎగిరిపోదా?”

“గాలికి ఊడదు. మనం లాగితేనే ఊడతాది.”

“మనమెందుకు లాగతాం?”

ఇసుకలో చతికిలబడి కొబ్బరాకులు అల్లుతున్న తల్లివైపు చూశాడు సూరయ్య. ఆమెకు కాళ్లు పడిపోయాయి. నిరుడు పీకల్లోతు నీళ్లలో ఆమెను భుజాన మోసింది అతనే.

“సముద్రం మళ్లీ వస్తాది రత్నం. పోదామంటే మనకి ఇంకో సోటు నేదు,” అన్నాడు. “గోడలెలాగూ ఆగవు. కప్పైనా తెప్పలా తేలాల.”

నూకరత్నం చేతిలోని మేకుల పొట్లం ఇసుకలో పెట్టి, తాడు చుట్ట పైకి అందించింది.

“ముగ్గురినీ మోస్తాదా మావా?” అంది.