గాలి గొట్టం

ఆ పొద్దు మొగులు కమ్ముకొచ్చింది, ఉరిమింది, చుక్క రాల్చకుండనే గోదావరి అవుతలికి పోయింది. సిద్దిరాములు బాయిగడ్డ మీద నిలబడి దాన్ని తిడుతుండగా తమ్ముని పెండ్లాం బుచ్చవ్వ ఏడ్చుకుంట వచ్చింది.

"బావా, మీ తమ్మునికి ముక్కుల గాలి గొట్టం పెట్టిండ్రు!"

సిద్దిరాములు చేతుల పార జారి కింద పడ్డది. తమ్ముడు సాంబయ్య బొగ్గుబాయి కూలీ. దగ్గుతోని మందమర్రి దవాఖానల పడి ఉన్నడని తెలుసు. కానీ గొట్టందాక పోయిందనుకోలే. గొట్టం పెట్టినోడు తన కాళ్ల మీద ఇంటికొచ్చింది ఊర్లె ఎవ్వలూ చూడలే. తెగని పంచాయితీతోని పోయినోడు ఉన్నోని నెత్తిమీద కూసుంటడని ఊరందరికీ భయం.

వీళ్ల పంచాయితీ పొత్తుల బాయి నీళ్లది. సిద్దిరాములు తమ్ముని దిక్కు కాలువకు మట్టి కట్టిండు. తమ్ముని నారుమడి నెర్రెలిచ్చింది. "నీ ఇంట్ల మెతుకు ముడితే ఒట్టు" అని ఇద్దరూ అనుకున్నరు.

దవాఖానల సాంబయ్య వెల్లకిల పండుకొని ఉన్నడు. మంచం పక్కన మనిషెత్తు ఇనుప సిలిండరు. ముక్కుల ఎర్ర రబ్బరు గొట్టం, చెంపకు పట్టీ. సిద్దిరాములు తలుపుల్నే ఆగిండు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నడు. భుజాలు కదిలినయి.

"ఏడ్వకు బావా," అన్నది బుచ్చవ్వ.

"తమ్మీ, ఎట్లున్నదిరా?"

సాంబయ్య కండ్లు సగం తెరిచిండు. "పోతాన్ననే అన్నా... నారు ఎండుతాంది."

"ఎండది. రేపే మట్టి తీస్త."

"ఇయ్యాల్నే..."

"సరే, ఇయ్యాల్నే. వారంల మూడు దినాలు నీకు, మూడు దినాలు నాకు."

సాంబయ్యకు జర పానం లేచొచ్చింది. "ఏడో దినం?"

"సచ్చేటోనికి ఏడో దినమెందుకురా?"

"నాకా? నా పిల్లలకు!" గొంతు ఖంగుమన్నది. బుచ్చవ్వ మొగుని అరికాలు గిల్లింది. సాంబయ్య గబగబ దగ్గు అందుకున్నడు.

"దగ్గకు, దగ్గకు. ఏడో దినం సగం సగం. నీ నెత్తి మీద ఒట్టు." సిద్దిరాములు ఒట్టేసి, బుచ్చవ్వ దిక్కు తిరిగిండు. "ఆ గిన్నెల ఏమున్నది పిల్లా?"

"జొన్నరొట్టె, పప్పు బావా. గొట్టం పెట్టినంక ఆయన ఏడ తింటడు?"

"గొట్టం ముక్కులనే గదా, నోట్లె గాదు. పెట్టు, నేను గూడ తింట."

"ఒట్టున్నదిగదనే అన్నా," అన్నడు సాంబయ్య.

"ఇది నా ఇల్లా, నీ ఇల్లా? తిను."

బుచ్చవ్వ రొట్టె, పప్పు పెట్టిన ఒక్క తలెల అన్నదమ్ములిద్దరూ చెయ్యి పెట్టిండ్రు. ఇంకో రొట్టె కోసం సాంబయ్య ముందుకు వంగితే దుప్పటి జరిగింది. సిలిండరుకు ఉండాల్సిన గొట్టం కొస మంచం కింది నుంచి దుప్పటితోని పైకొచ్చి పప్పుల పడ్డది. బుచ్చవ్వ కండ్లు మూసుకున్నది. సాంబయ్య దవడ ఆగింది.

సిద్దిరాములు బుక్క నములుకుంటనే ఆ కొసను తీసిండు, రుమాలుతోని పప్పు తుడిచిండు, తను వచ్చినప్పటి సంది ఎట్ల వేలాడుతుండెనో గట్లనే మంచం కిందికి వేలాడేసి, మల్ల రొట్టె తుంచుకున్నడు.