ఏడవని పిల్ల

వానలు వెనకపట్టాక ఉడుత సుగుణ మళ్ళీ గింజల పనికి వెళ్ళాల్సి వచ్చింది. నిన్నమొన్ననే కళ్ళు తెరిచిన పసిపిల్లను ఎవరి దగ్గర వదలాలా అని వెతుక్కుంటూ ముందు కోడి దగ్గరికి వెళ్ళింది. అక్కడంతా బురద, అరుపులు, ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్న పిల్లలు. "ఇక్కడ ఇలాగే ఉంటుందమ్మా, సర్దే తీరిక ఉండదు," అంది కోడి, రెక్క కింద ఎవరి పిల్లనో జోకొడుతూ.

నెమలి పొద మాత్రం అద్దంలా ఉంది. పిల్లలన్నీ కదలకుండా పడుకుని ఉన్నాయి. "మా దగ్గర ఏ పిల్లా ఏడవదు," అంది నెమలి. సుగుణకు ఆ మాట బాగా నచ్చింది. రోజూ పిల్లను అక్కడే వదిలి పనికి వెళ్ళసాగింది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఇంటికి తెచ్చిన పిల్లను నాకుతుంటే అరికాల్లో ముల్లు కనిపించింది. చుట్టూ చీము పట్టింది. ఎప్పుడు గుచ్చుకుందో ఏమో. ముల్లు లాగినా పిల్ల కిక్కురుమనలేదు, తల్లి ముఖం వైపైనా చూడలేదు.

మర్నాడే కోడి దగ్గరికి తీసుకెళ్ళింది. కోడి పిల్లను పొదివి పట్టుకుని, "పిలిచినా ఎవరూ రారని తెలిసిపోయినట్టుందమ్మా. మళ్ళీ నమ్మడానికి టైం పడుతుంది," అంది.

సుగుణ పనికి బయల్దేరింది. మలుపు దాకా వెళ్ళి, వెనక నుంచి ఏడుపు వినిపిస్తుందేమోనని ఆగింది. ఎంతసేపు నిలబడినా వినిపించలేదు.