నేరుగా రాయకూడదు

స్క్రీన్ మళ్లీ బిగుసుకుపోయింది. ఆ ప్రోగ్రాంలో స్క్రీన్లన్నీ తయారుచేసే ఆమె కుర్చీని వెనక్కి తోసి, స్క్రీన్ల వెనకాల నడిచే డేటా పని చూసుకునే అతని సీటు దగ్గరికి దూసుకెళ్లింది.

“మళ్లీ మీరేనా? వెనకాల మీ డేటా పని నడిపే థ్రెడ్ నేరుగా స్క్రీన్ మీద చెయ్యి వేయకూడదని ఎన్నిసార్లు చెప్పాలండీ? స్క్రీన్‌ని ముట్టుకునేది దాన్ని నడిపే మెయిన్ థ్రెడ్ ఒక్కటే. ఏం కావాలన్నా దానికి కబురు పెట్టాలి. తీరిక దొరగ్గానే అదే చేసిపెడుతుంది.”

“తీరిక దొరక్కపోతే?”

“దొరుకుతుంది! కాస్త ఓపిక పట్టాలి. సాయంత్రం క్లయింటు ముందు ఇలాగే ఆగిపోతే నేను తలెత్తుకోలేను.”

చుట్టుపక్కల వాళ్లు నవ్వాపుకుంటూ తలలు దించుకున్నారు. అతను బుద్ధిమంతుడిలా ఒక్క లైను మార్చాడు. ప్రోగ్రాం లేచి కూర్చుంది.

“ఇంత తెలిసినవాళ్లు మొదటే ఇలా రాసి ఏడవొచ్చుగా?”

అతను గొంతు తగ్గించాడు. “నేరుగా స్క్రీన్ మీద రాస్తే పరిగెత్తుకొచ్చావు. కబురు పెడితే వచ్చావా? పొద్దున్నించి నీ ఫోనుకి పెడుతూనే ఉన్నా, ఇవాళ మన పెళ్లిరోజని.”

స్క్రీన్ చకచకా నడుస్తోంది. ఈసారి బిగుసుకుపోయింది ఆమె.