బానెట్ ఎడమ అంచు

ఎప్పుడో ఆగిపోయిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారును కంపెనీ మళ్లీ కొత్తగా తయారుచేసింది. అప్పట్లో దానికి రేకులు కొట్టిన మేస్త్రి వచ్చి, అచ్చం పాతదేనని సంతకం పెడితేనే అమ్మకం.

మేస్త్రి కళ్లు మూసుకుని కారంతా అరచేత్తో తడిమాడు. బానెట్ ఎడమ అంచున చెయ్యి ఆగింది.

"ఈ పల్లం ఏంటమ్మాయ్?"

"గాలి జారడానికండీ," అంది ఇంజనీరు. "డ్రాయింగులు దొరకలేదు. మ్యూజియంలో మిగిలిన ఒకే ఒక్క కారును స్కాన్ చేసి, వెంట్రుకవాసి తేడా లేకుండా దించేశాం. ఆ పల్లం మీద మావాళ్లు పెద్ద వ్యాసమే రాశారు. తప్పయితే చెప్పండి, తీసేస్తాం."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "వద్దు, ఉండనీ," అని సంతకం గీకేశాడు.

బయటికొచ్చి భార్యకు ఫోన్ చేశాడు.

"ఏమోయ్, ఆ రోజు షెడ్డులో కారు బానెట్ ఎక్కి కూర్చుని పెళ్లికి సరేనన్నావే, గుర్తుందా?"

"సొట్ట పడిందని ఏడిపించారుగా. సాయంత్రానికల్లా సరిచేసేశానన్నారు."

"చెయ్యలేదు. మనసొప్పలేదు. ఇప్పుడు ఐదొందల కార్లకి అదే సొట్ట."



"అప్పట్లో నేను సన్నగానే ఉండేదాన్నని వాళ్లకి చెప్పారా?"