కిటికీ కింది నేల

లాన్ అంతా పచ్చగా ఉంది. కిటికీ కింద మాత్రం చాపంత మేర గడ్డి మొలవడం లేదు.

కామారెడ్డిలో ముచ్చటపడి కట్టుకున్న ఇల్లు. కృష్ణమోహన్‌కు ఆ బోడి జాగా కంట్లో నలుసైంది.

తోటపని చేసే దేవీసింగ్ గడ్డపారతో పొడిచి చూశాడు. దిగలేదు.

"రోజూ ఎవలో ఈడ నిలబడుతున్నరు సార్. తొక్కుడుకు నేల బిగుసుకపోయింది. వేర్లకు గాలాడుత లేదు."

ఎవరు నిలబడతారు? భార్య వందన పొద్దున్నే ఎల్లారెడ్డి బడికి బస్సెక్కుతుంది. మధ్యాహ్నం తను వచ్చి, పక్షవాతంతో ఆ కిటికీ గదిలో మంచం పట్టిన అక్క వినోదకు అన్నం తినిపించి, మళ్లీ తాళం వేసి ఆఫీసుకు పోతాడు.

నాట్లేసి, కలుపు తీసి తమ్ముణ్ని చదివించిన అక్క. పడిపోయాక నోట మాట పోయింది. ఈమధ్యే 'నీళ్లు', 'తమ్మీ' అంటోంది. మందులు పనిచేస్తున్నాయని మొగుడూ పెళ్లాం మురిసిపోయారు.

మర్నాడు తాళం వేసి, ఆఫీసుకు పోకుండా ఇంటి పక్కన మాటు వేశాడు. కాసేపటికి గేటు తీసుకుని ఓ ముసలామె వచ్చింది. సరిగ్గా అక్కడే నిలబడి కిటికీ ఊచ పట్టుకుంది.

"ఏం పని ఈడ?"

"పలకరిద్దామని వచ్చిన బిడ్డా."

"ఎవల్ని? ఇంట్ల ఎవలు లేరు గద."

ముసలామె కిటికీలోకి చూసింది. ఏదో చెప్పబోయింది. ఆయన వినలేదు. ఆ సాయంత్రమే గేటుకు తాళం పడింది.

దేవీసింగ్ ఆ జాగా నిండా బొక్కలు పొడిచి, ఇసుక, పశువుల ఎరువు నింపి నీళ్లు పట్టాడు. వానలకు గడ్డి ఒత్తుగా అల్లుకుంది.

అక్క మాట మాత్రం ఆగిపోయింది. మొదట 'తమ్మీ' పోయింది, తర్వాత 'నీళ్లు'. డాక్టరు మందులు మార్చాడు. అక్క కిటికీ వైపే చూస్తూ పడుకునేది. కృష్ణమోహన్‌కు భయం పట్టుకుంది.

ఓ రోజు పక్కింటి రూత్ గేటు దగ్గర ఆగింది. మట్టికి పోయి వస్తున్నానంది.

"ఎవలు చనిపోయిన్రు?"

"సాలవ్వ. నువ్వు హాస్టల్ల చదివేటప్పుడు వినోదక్కతోని నాట్లేసిన మనిషి."

ఆయనకు ఎవరో తెలియలేదు. రూత్ కిటికీ వైపు చూపించింది.

"ఆడనే నిలబడుతుండె అన్నా. నాటు పాట సగం పాడి ఆపుతుండె, మిగిలింది అక్కతోని అనిపిస్తుండె. అక్కకు మాటలు నేర్పింది ఆమెనే గద."